కేకలమ్మ

“ముందు ఆవిణ్ని బయటికి పంపించండి. ఆవిడ ఇక్కడుంటే నేను ఆడించలేను,” అన్నాడు కోచ్.

ఆయన వేలు చూపించిన వైపు వాచ్‌మన్ చూశాడు.

సగం ఆట అయింది. జట్లు వైపులు మారుతున్నాయి. గ్యాలరీలో ముప్ఫై దాటిన ఒకావిడ చేతిసంచి పుచ్చుకుని లేచి, కోర్టు చుట్టూ తిరిగి అవతలి బాస్కెట్ వెనక్కి నడుస్తోంది.

కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీం ఇక్కడ ఆడే ప్రతి మ్యాచ్‌కీ వస్తుందావిడ. ఎవరి తాలూకో కోచ్‌కి తెలీదు. వచ్చింది మొదలు అరుపులే అరుపులు.

“ఎడమ! ఎడమ! వెనక చూసుకో!”

పోనీ కూర్చున్న చోట కుదురుగా కూర్చుంటుందా అంటే, అదీ లేదు. మన అమ్మాయిలు కాపలా కాసే బాస్కెట్ ఎటుంటే ఆవిడ అటే. పిల్లలు ఆవిడకి ‘కేకలమ్మ’ అని పేరు పెట్టేశారు.

కోచ్‌కి అరుపులంటే ఒళ్లు మంట. ఆయన టీంలో ఆట సాగుతుండగా ఎవరూ నోరు విప్పకూడదు.

“డిఫెన్స్ అంటే కాళ్లు. నోరు మూసుకుని కాళ్లు కదపండి!”

టీంలోకి తీసుకునేది కూడా పరుగు చూసే. ఆయన మెళ్లోంచి స్టాప్‌వాచ్ తియ్యగా చూసినవాళ్లు లేరు.

అందులోనూ ఆ ఏడు ఆయన ప్రాణం గుప్పిట్లో ఉంది. ఫైనల్‌కి వెళ్లకపోతే టీం ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పేసింది. టీం లేకపోతే ఇక కోచ్ ఎందుకన్న ముక్క మాత్రం ఆవిడ అనలేదు. అనక్కర్లేకుండానే ఆయనకి అర్థమైంది.

వాచ్‌మన్ వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చాడు.

“వెళ్లిపోయిందా?”

“వెళ్లిపోయారు సార్. గొడవేం చెయ్యలేదు.”

“ఏమన్నా అందా?”

“‘మీ సారుకి ఇది అలవాటేలే’ అన్నారు సార్.”

“పిచ్చిమాలోకం!” అనేసి కోచ్ ఆటవైపు తిరిగాడు.

సగం దాకా గెలుస్తున్న మ్యాచ్ ఆ రోజు చేజారింది.

అవతలి జట్టు కొత్తగా చేసిందేమీ లేదు. బంతి పట్టుకున్న అమ్మాయి ఒక పక్కకి పరిగెడుతుంటే, ఇంకో అమ్మాయి చడీచప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి స్తంభంలా నిలబడేది. బంతి వెంట పడుతున్న మన పిల్ల వెళ్లి ఆ స్తంభానికి గుద్దుకునేది. తేరుకునేలోపు బంతి బాస్కెట్‌లో పడేది.

“కాళ్లేవీ? గూట్లో పెట్టి వచ్చారా?” అని పళ్లు నూరాడు కోచ్.

మర్నాటి నుంచి పరుగే పరుగు. పిల్లల ప్రాణాలు తోడేశాడు. ఓ అమ్మాయి మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని ఏడ్చింది కూడా.

స్టాప్‌వాచ్ చూస్తే విడ్డూరం. ఒక్కొక్కళ్లూ ఇదివరకటి కంటే వేగంగా పరిగెడుతున్నారు. తీరా మ్యాచ్‌లోకి దిగితే అందరూ అడుగు వెనకే.

పాత గెలుపుల పుణ్యమా అని సెమీఫైనల్‌కి చేరారు గానీ, అక్కడా అదే తంతు. ప్రిన్సిపాల్ అన్న మాట నిలబెట్టుకుంది.

గది ఖాళీ చెయ్యడానికి వచ్చిన రోజు కోచ్‌కి ఏడుపూ రాలేదు, దిగులూ వెయ్యలేదు. పంటి డాక్టరు మత్తుసూది వేసిన దవడలా ఉంది మనిషంతా. విజిళ్లు పెట్టెలో వేశాడు. మళ్లీ తీశాడు. మళ్లీ వేశాడు.

కంప్యూటర్లో పాత మ్యాచ్ వీడియో దానిమానాన అది తిరుగుతోంది. గెలిచిన మ్యాచ్.

జెర్సీలు అప్పజెప్పడానికి వచ్చిన కెప్టెన్ దానికేసి చూసింది.

“మీరు వీడియోలు ఎప్పుడూ సౌండ్ తీసేసే చూస్తారా సార్?”

“చూడాల్సింది కాళ్లని. సౌండ్‌తో ఏం పని?”

కెప్టెన్ వంగి సౌండ్ పెంచింది.

“ఎడమ!”

తెర మీద అవతలి అమ్మాయి వెనకనుంచి అప్పుడే బయల్దేరింది. ఇంకా చేరనైనా చేరలేదు, ఈలోపే ఆ కేక. మన పిల్ల పక్కకి తప్పుకుని బంతి వెంట దూసుకుపోయింది.

“కుడి! కుడి పక్కన వస్తోందమ్మా!”

ఇంకో పిల్లా తప్పుకుంది.

‘ఏం కాళ్లు, ఏం కాళ్లు!’ అని ఆయన చూసిందే చూసి మురిసిపోయిన మ్యాచ్ అది.

“వీపున కళ్లుండవు కదా సార్. మాలో మేం చెప్పుకుందామంటే మీరు నోరెత్తనివ్వరు. ఆవిడ చెప్తారు, మేం తప్పుకుంటాం. అలా అలవాటైపోయింది,” అంది కెప్టెన్.

“మరి నాకు చెప్పొచ్చుగా?”

“మీరెప్పుడూ కాళ్ల గురించే అడిగారు సార్.”

కోచ్‌కి కోపం రావాలి. రాలేదు. స్టాప్‌వాచ్ మెళ్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎక్కడుంటుందో తెలుసా ఆవిడ?”

“తెలీదు సార్. తర్వాత గేటు బయట కూడా వెతికాం. మళ్లీ రాలేదు.”

“అసలు ఎవరావిడ? మనకోసం అంత గొంతు చించుకోవాల్సిన పనేంటి?”

కెప్టెన్ జెర్సీల మూట కుర్చీలో పెట్టింది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

“ఒకసారి మేమూ అడిగాం సార్. ‘మీ సారు ఈ కాలేజీకి వచ్చిన మొదటి ఏడు, కాళ్లు నెమ్మదని టీంలోంచి తీసేసిన పిల్లని నేనే. కోర్టులో ఆడనివ్వకపోతే ఏం, ఇక్కణ్నుంచి ఆడుతున్నాగా’ అన్నారు.”