నాన్న ఒప్పుకోడు

"ఒప్పుకోడు, ఒప్పుకోడు! ఎప్పుడడిగినా ఇదే పాట!" బ్రయనీ పళ్ళేన్ని నేలకేసి కొట్టింది. మాంసం ముక్కలు గది నిండా చెల్లాచెదురయ్యాయి.

"మెల్లిగా. నాన్న వింటాడు," అంది అక్క లోర్నా.

"విననీ!"

నల్లార్బర్ బీడు మైదానం అంచున వాళ్ళ గొర్రెల ఫారం. పొరుగిల్లు చేరాలంటే పూటంతా ప్రయాణం. బ్రయనీ పసిదిగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఊళ్ళోకని వెళ్ళి మరి రాలేదు. ఆ తర్వాత నాన్న గాలిమర మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచీ పెరటి చివర కూలీల పాత కొట్టంలోనే మకాం. ఆయన ఆజ్ఞలన్నీ లోర్నా నోటి వెంటే వచ్చేవి. బడికి పోకూడదు. కొత్తవాళ్ళకి కనబడకూడదు. కొట్టం ఛాయలకి రాకూడదు.

గాలి ఇటు తిరిగితే నాన్న అరుపులు వినిపించేవి. "మళ్ళీ కోపమొచ్చింది. నువ్వు గడప దాటకు," అని లోర్నా పరిగెత్తేది. తిరిగొచ్చేసరికి ఒక్కోసారి చేతులు కమిలి ఉండేవి. బ్రయనీ వాటికి వెన్న రాస్తూ పళ్ళు కొరికేది.

ఆ పొద్దున లోర్నా కంచె బాగుచేయడానికి వెళ్ళినప్పుడు, ఉన్ని లారీ డ్రైవరొకడు నీళ్ళకోసం ఆగాడు.

"క్లెమ్ కూతురివా? నిన్ను బళ్ళో వెయ్యాలని ఎంత సంబరపడేవాడో మీ నాన్న! ఏమైపోయాడు మనిషి?"

బ్రయనీకి ఒళ్ళు మండిపోయింది. ఊరందరికీ అంత మంచివాడు, ఇంట్లో రాక్షసుడు!

"ఆ లారీ రేపు ఇటే వస్తుంది. మనిద్దరం ఎక్కేద్దాం," అంది ఇప్పుడు అక్కతో.

లోర్నా ముక్కలు ఏరుతున్నదల్లా ఆగింది. "నువ్వూ పోతావన్నమాట. అమ్మలాగే."

"నిన్నూ రమ్మంటున్నాగా!"

"నాన్న ఒప్పుకోడు."

"ఆ ముక్క ఆయన నోటితోనే వింటా."

లోర్నా మిగిలిన ముక్కలన్నీ ఏరింది. నేలంతా శుభ్రంగా తుడిచింది. చేతులు కడుక్కుంది.

"సరే, పద. తలుపు నేను తీస్తా. లోపలికి నువ్వెళ్ళు. నన్ను చూస్తే మండిపడతాడు."

కొట్టంలో కంపు గుప్పుమంది. మంచం మీద ఎముకల గూడు, గుండెలదాకా గడ్డం. బ్రయనీ ఒక్క క్షణం తడబడింది. అంతలోనే అక్క చేతులు గుర్తొచ్చాయి.

"ఇక్కడ పడుకుని ఎవరి మీదయ్యా నీ ప్రతాపం? అమ్మ పోతే మేమేం చేశాం? నాకు చదువు లేదు, స్నేహితురాలు లేదు. నీ అరుపులు తప్ప ఇంకో మనిషి గొంతు తెలీదు నాకు! అక్కని గొడ్డుని బాదినట్టు బాదుతావా?"

ఆయన మోచేతుల మీద లేవబోయాడు.

"బ్రయనీ? నువ్వేనా? ఇంతదానివయ్యావా?"

"ఇప్పుడు కనిపించానా?"

ఆయన చూపు ఆమె భుజం మీదుగా తలుపు వైపు పోయింది. "మాట్లాడకు. ముందు బయటికి పో. పరిగెత్తు!"

"ఇంకా నీ పెత్తనమేనా?" ఆమె మంచం దగ్గరికొచ్చి వేలు చూపించింది. "రేపు నేనూ అక్కా వెళ్ళిపోతున్నాం. నువ్విక్కడే పడుండు!"

బయటి నుంచి అక్క గడియ వేసింది.