సగం దించిన షట్టరు

"మెల్లగ నడవండి సార్. ఒకప్పుడు ఖమ్మంల పెండ్లంటే ఈ గల్లీ బ్యాండే రావాలె" అంది గైడు జ్యోత్స్న.

తెల్ల టీషర్టుల టూరిస్టులు ఇరవైమంది, ఫోన్లలోకి తలలు వంచుకుని నడుస్తున్నారు. అందరికంటే ముందు, మెడలో బంతిపూల దండతో ముసలి వజీర్ క్లారినెట్ వాయిస్తున్నాడు.

డీజే బాక్సులు కిరాయికిచ్చే బాలకృష్ణ గబగబా లేచి, శవం వెళ్తుంటే దించినట్టే షాపు షట్టరు సగం దించి దండం పెట్టాడు.

"ఎవరు పోయిండ్రు వజీర్ భాయ్?"

జ్యోత్స్నకు నవ్వాగలేదు. "ఎవరూ పోలేదన్నా! వీళ్లకు పాత బ్యాండు గల్లీ చూపిస్తున్న."

వజీర్ క్లారినెట్ దించాడు.

"పోయింది బాలకృష్ణా, మా బ్యాండు. నువ్వు డీజే తెచ్చిననాడే పోయింది. వీళ్లకు కబురు ఇయ్యాల అందింది, చూడనీకి వచ్చిండ్రు."