కృష్ణజింకల బీడు

“అవ్వా, గీడికెల్లి మేకలను తోలుకపో,” అన్నాడు భిక్షం.

శామీర్‌పేట దాటాక ఉన్న ఆ గడ్డి బీడుకు అటవీశాఖ కాపలాదారుగా వచ్చి అతనికి అది మూడో రోజు. సంవత్సరం 2003.

పదకొండు కృష్ణజింకలు మేసే బీడు అది. చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతుకుంటూ వస్తున్నారు. ఇవీ పోతే ఈ చుట్టుపక్కల జింక అన్నదే మిగలదని ఆఫీసులో గట్టిగా చెప్పి పంపారు.

అలాంటి చోట ఒక ముసలామె నాలుగు మేకలతో, చేతికర్రతో రోజూ పొద్దున్నే వచ్చి నడిమధ్యలో కూర్చుంటోంది.

ఇది సర్కారు జాగా అనీ, మనిషి తిరిగితే జింకలు బెదురుతాయనీ, బెదిరితే ఈ చోటునే విడిచిపోతాయనీ భిక్షం ఆమెకు వివరంగా చెప్పాడు.

ఆమె అంతా విన్నది.

“నేను రాకుంటే అవి మంచిగుంటయా బిడ్డా?”

“ఉంటయవ్వా.”

“అయితే రాను,” అని మేకలను మళ్లించుకుని వెళ్లిపోయింది.

ఇంత తేలిగ్గా పనైపోయినందుకు భిక్షం సంతోషపడ్డాడు.

పది రోజులు తిరక్కుండానే బీడులోకి కుక్కలు దిగాయి. అవతలి కోళ్లఫారాల వాళ్లు పారేసిన చచ్చిన కోళ్లు తిని బలిసిన కుక్కలు.

ఒక పిల్లను చంపేశాయి. మిగతా జింకలు రోడ్డు దాటి గుట్టల వైపు వెళ్లిపోయాయి.

భిక్షం బీడంతా వెతికాడు. ఒక్క కొత్త గిట్ట గుర్తు కనబడలేదు.

పక్క చేను రైతు బాలేష్ చెప్పాక గానీ అతనికి సంగతి తెలియలేదు. ఆ ముసలామె కర్రకు జడిసే కుక్కలు ఇన్నేళ్లూ ఇటు రాలేదట. జింకలు ఆమెకు బెదరకపోగా, తల్లులు పిల్లలను ఆమె కూర్చున్న దిక్కునే గడ్డిలో దాచేవట.

ఆమె పేరు సుక్కమ్మ, ఊరు గౌడవెల్లి అని తెలుసుకుని భిక్షం సైకిలెక్కాడు.

ఇంటి ముందు ఆమె కూతురు పద్మలత ఉంది. తల్లి జ్వరమొచ్చి పోయిందనీ, ఐదు రోజులైందనీ చెప్పింది.



మర్నాడు తెల్లారేసరికి కర్ర పట్టుకుని ఆమె కూర్చునే చోట తను కూర్చున్నాడు.

కోళ్లఫారాల వాళ్ల వెంటపడి గోతులు తవ్వించాడు. చచ్చిన ప్రతి కోడీ మట్టిలోకి పోయేదాకా వాళ్లను వదల్లేదు. కుక్క కనిపిస్తే రోడ్డు దాకా తరిమాడు.

రెండు నెలలకు ఒక మగజింక గట్టు మీద నిలబడి అతన్ని చూసింది. చూసి, తల వంచి గడ్డి మేసింది.

భిక్షం కదలకుండా కూర్చున్నాడు. కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

మూడేళ్లకు, తిరిగొచ్చిన మంద ఇరవై ఏడైంది. ఉదయపు ఎండలో పిల్లలు ఎగిరెగిరి దూకుతుంటే, రోడ్డు మీద బస్సులు ఆపి జనం చూసేవారు.

రేంజర్ జనార్ధన్ స్వయంగా వచ్చి అతని భుజం తట్టి, ఈ గెలుపు నీదేనన్నారు.

“నాది గాదు సార్. గా సుక్కమ్మవ్వది. సర్కారు జాగల నీకేం పనని నేనే ఎల్లగొట్టిన.”

జనార్ధన్ సంచిలోంచి సర్వే నక్షా తీసి పరిచారు. జింకలు మేసే ఆ పన్నెండెకరాలు పట్టా భూమి అనీ, ప్లాట్లు కానీయకుండా జింకలకే వదిలేస్తున్నానని పద్మలత పొద్దున్నే సంతకం పెట్టిందనీ చెప్పారు.

జింకల మేలు కోసమని భిక్షం లేచిపొమ్మన్న ఆ ముసలామె, ఎదురు మాట లేకుండా తన సొంత భూమిలోంచే లేచి వెళ్లింది.