పచ్చి తిండి

ఏకాంబరం కిరసనాయిలు స్టవ్వును గోనెపట్టాలో చుట్టి అటక మీదికి తోసి, నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడిన వసంతమ్మకు తన వంటింటికి తానే తాళం వేసినట్టయింది.

"ఈ పొద్దు నించి ఈ ఇంట్లో నిప్పుతో పని ల్యా" అన్నాడు ఏకాంబరం.

ఆయన హైస్కూల్లో సైన్సు సారు. ఈ మధ్యే ఊళ్లో ప్రకృతి వైద్య సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఉడికిందల్లా చచ్చిన తిండేనని ఆయన వాదం. నానబెట్టిన శనగలు, మొలకెత్తిన పెసలు, క్యారెట్టు, పచ్చికొబ్బరి. ఇంటిల్లిపాదికీ అవే. రేషను కిరసనాయిలు కోసం వరసలో నిలబడే బాధ కూడా తప్పిందని పైగా ఒక సమర్థింపు.

వసంతమ్మకు తన సంగతి బెంగ లేదు. పళ్లున్నాయి, నమలగలదు. బెంగంతా అత్త జ్ఞానాంబ గురించే. ఆమె నోట్లో మిగిలినవి రెండే పళ్లు, అవీ ఒకదానికొకటి ఎదురుపడవు. ఇన్నాళ్లూ ఆమె కోసమని స్టవ్వు మీద ఇంత రాగిజావ కాచేది. స్టవ్వు అటకెక్కి వారమైంది, ఇక అదీ లేదు. పెసలను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి మార్చి, కొడుకు చూడనప్పుడు ముసలామె చేతిలోకి ఊసేస్తోంది. నిన్న నీళ్లు పోసుకోవడానికి లేచి, కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూలబడింది.

"రే ఏకా, నాకు గుక్కెడు జావ కాంచియ్యమను నాయనా" అంది జ్ఞానాంబ మంచం మీది నుంచి.

"కరియను చూడుమా" అన్నాడు ఏకాంబరం, పెరట్లోకి చెయ్యి చాపి.

కరియ ఆ ఇంటి నల్లకుక్క. ఒకప్పుడు బొచ్చు రాలి, పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉండేది. అన్నం మాన్పించి దానికీ మొలకలే పెట్టడం మొదలుపెట్టాక నూనె పూసినట్టు మెరుస్తోంది. సంఘం సమావేశాలకు ఏకాంబరం దాన్ని వెంట తీసుకుపోయి, నోరు తెరిచి పళ్లు చూపిస్తాడు. అడవిలో ఏ జంతువూ పొయ్యి రాజెయ్యదనీ, నోరులేని జీవం అబద్ధం చెప్పదనీ ఉపన్యాసం చెప్తాడు. జనం చప్పట్లు కొడతారు.

"దాని ఒళ్లు మీ పెసల్తోనే అట్ల అయిందంటారా?" అంది వసంతమ్మ.

"కాదని నువ్వు చూపించు. ఆ స్టవ్వు నేనే దించి, నేనే ముట్టించి, అమ్మకు జావ కాంచిస్తా."

ఆ మాట వసంతమ్మ మనసులో నాటుకుంది. మర్నాడు ఏకాంబరం బడికి పోగానే, కుక్క గిన్నెలో పెసలు పోసి వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది. కరియ వచ్చి మర్యాదకన్నట్టు ఒకసారి వాసన చూసి పక్కకు పోయి పడుకుంది. పక్కింటి కోళ్లు గోడ దిగి వచ్చి గిన్నె ఖాళీ చేసి పోయాయి. పొద్దు వాలేదాకా కుక్క నోట్లోకి ఒక్క గింజ పోలేదు. మరి ఆ మెరుపు ఎక్కడిది?

దీపాలు పెట్టేవేళకు కరియ లేచి ఒళ్లు విరుచుకుని, కంచె సందులోంచి దూరి వీధిలోకి నడిచింది. ఏకాంబరం ఇంట్లో లేడు. కొండగాలి పీల్చడానికి రోజూ ఆ వేళకు అలిపిరి దాకా పోతాడు. వసంతమ్మ అత్తతో ఇప్పుడే వస్తానని చెప్పి, చెప్పులేసుకుని కుక్క వెంట బయలుదేరింది.

కరియ పక్కచూపులు చూడలేదు. డ్యూటీకి పోయే మనిషిలాగా తిన్నగా పోయి, కూరగాయల అంగళ్లు దాటి, రైల్వే గేటు దాటి, దొరస్వామి మిలిటరీ హోటలు వెనక సందులో ఆగింది. దొరస్వామి లుంగీ ఎగ్గట్టుకుని బయటికి వచ్చి, రేకుపళ్లెం నిండా ఎముకలూ, మాంసం తునకలూ దాని ముందు పెట్టాడు. పటపటమని నమిలే చప్పుడు సందంతా వినిపించింది.

స్టవ్వు అటక మీద నుంచి సగం దిగినట్టే అనిపించింది వసంతమ్మకు. దగ్గరికి పోయి పళ్లెంలోకి చూసింది. మాంసం ఎర్రగా ఉంది.

"ఇది ఉడికింది కాదా?" అని అడిగింది.

"ఉడికిన ఎముక పుల్లలు పుల్లలుగా చీలి గొంతులో గుచ్చుకుంటాది మా. కుక్కకు పచ్చిదే పెట్టాల. మా ఇంట్లో కుక్కలకు ఎప్పుడూ ఇదే. ముసిలివైనా పళ్లు కదలవు."

వసంతమ్మ ప్రాణం ఉసూరుమంది. ఇక్కడా పచ్చి తిండే. ఇంటికి పోయి చెప్తే ఏకాంబరం ఏమంటాడో ఆమెకు ఇప్పుడే వినిపిస్తోంది. పెసలైతేనేమి, ఎముకలైతేనేమి, పచ్చిదే కదా అంటాడు. రేపు సంఘంలో దీని మీద కూడా ఒక ఉపన్యాసం ఇస్తాడు. స్టవ్వు అటక మీదే ఉంటుంది. గోడ పట్టుకుని కూలబడిన అత్త కళ్లముందు మెదిలింది.

వెనక్కి తిరగబోతూ, మనసులో మిగిలిపోయిన ఒక్క సందేహం కూడా అడిగేసింది. ఇంత దూరంలో, గేటుకు ఇవతల ఉన్న ఈ హోటలు దారి ఆ కుక్కకు ఎట్లా తెలిసింది?

"అది ఒంటిగా యాడొచ్చిందిమా, మొదట్లో వాళ్ల సారు ఎనకంటే వచ్చింది" అన్నాడు దొరస్వామి, పళ్లెంలో ఇంకో ఎముక వేస్తూ. "సారు లోపల తలకాయ కూర రెండో తూరి ఏయించుకుని తింటా ఉండాడు, పిలిచేదా?"