భయం తీసే ఉద్యోగం

పెద్దేముల్‌లో పుకారు ఈసారి సరికొత్తది. షుగర్ పరీక్షకని తీసుకుంటున్న రక్తాన్ని విదేశాలకు పంపి లిప్‌స్టిక్‌లో కలుపుతున్నారట!

నవనీత తల పట్టుకుంది.

పల్లెల్లో షుగర్ జబ్బు ఎందుకు పెరుగుతోందో తేల్చడానికి వికారాబాద్‌లో ఒక పరిశోధన కేంద్రం వెలసింది. అందులో నవనీత ఉద్యోగం. కార్డు మీద ఆ ఉద్యోగం పేరు రెండు వరసలుంటుంది, పని మాత్రం ఒక్కటే. సూదులు ఊళ్లోకి రాకముందే తను వెళ్లి జనం భయం పోగొట్టాలి. గొర్రెలు కాసుకుని బతికిన ఇంట్లోకి వచ్చిన మొదటి నెలజీతం అదే.

మొదట్లో నల్లేరు మీద బండి నడకలా సాగింది. తాండూరు చుట్టుపక్కల జనం అడక్కముందే చేతులు చాపారు. అది చూసి డైరెక్టర్ రాజేందర్ సంతోషం పట్టలేకపోయాడు.

"శభాష్ నవనీత గారూ! జనానికి భయమే లేదంటే ఇక మీతో పనేముంది? ఉగాదికి మీ పోస్టు తీసేద్దాం" అన్నాడు.

మెచ్చుకుంటే అలా మెచ్చుకోవాలి.

ఆ సాయంత్రం నవనీత తల్లి దగ్గర కూర్చుని ఏడ్చింది. రామమ్మ కూతురి కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసింది.

ఉద్యోగం పోతుందన్న దిగులు ఒకపక్క ఉండగానే పుకార్లు మొదలయ్యాయి. మర్పల్లిలో రక్తమిస్తే రేషన్ కార్డు పోతుందన్నారు. పక్క ఊళ్లో, రక్తమిచ్చిన మగాడికి మీసం రాలిపోతుందన్నారు. దాంతో మగాళ్లంతా కందిచేలల్లోకి పరుగు తీశారు. నవనీత బొమ్మలు చూపించింది, పాటలు పాడించింది, అందరి ముందూ తన చేతికే సూది గుచ్చించుకుంది. మీసం విషయంలో ఆ రుజువు అంతగా పనిచేయలేదు.

రాజేందర్ మాత్రం 'జనం చురుగ్గా స్పందిస్తున్నారు' అని పైవాళ్లకు రాసి పంపాడు. పోస్టు తీసేసే మాట మళ్లీ ఎత్తలేదు.

నవనీతకది చాల్లేదు. పుకారు పుట్టించే మనిషిని పట్టుకోవాలన్న పంతం పట్టింది.

రామమ్మ ఊరూరా వారపు అంగళ్లలో గొంగళ్లు అమ్ముతుంది. బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా పోయినప్పటి నుంచి ఆమె తొక్కని అంగడి లేదు.

"అమ్మా, నువ్వు నలుగుర్ల తిరిగేదానివి. ఎవరు చెప్తున్రో జర చెవిపెట్టి ఇను" అంది నవనీత.

"ఇనకేం జేస్త బిడ్డా! నాకైతే ఆ పెద్దేముల్ ఆరెంపీ డాక్టర్ మత్తయ్య మీదనే అనుమానం. మీరొస్తే ఆని గిరాకీ పోదా?"

నవనీతకు అక్షరాలా నిజమనిపించింది. మర్నాడే పోయి మత్తయ్యను నిలదీసింది.

మత్తయ్య లబోదిబోమన్నాడు. "నేనే మొదలు రక్తమిచ్చిన గద మేడం! నాకెందుకు గీ పాడు పని? అంగడికి పోయొచ్చినసంది మా ఇంటామెనే లిప్‌స్టిక్ ముడ్తలేదు. నన్నేం జెయ్యమంటరు?"

నవనీత సిగ్గుపడి క్షమాపణ చెప్పుకుంది. పెద్దేముల్‌లో ఇల్లిల్లూ తిరిగి, గొంతు పోయేదాకా నచ్చజెప్పి, చివరికి అందరినీ ఒప్పించింది. ఇక మిగిలింది కొడంగల్ ఒక్కటే.

ఇంటికి వచ్చేసరికి రామమ్మ మర్నాటి అంగడికి గొంగళ్ల మూట కడుతోంది.

"ఆ మనిషి దొరకనే లేదమ్మా" అంది నవనీత నీరసంగా. "పోనీ తియ్యి. కొడంగల్‌ల గూడ జనం ఒప్పుకుంటే మా పని మొత్తం అయిపోతది."

రామమ్మ మూట ముడి బిగించి, కూతురి తల నిమిరింది.

"పనైపోతే నౌకరి గూడ పోతది గద, నువ్వేం ఫికర్ జెయ్యకు బిడ్డా, లిప్‌స్టిక్ మాట మస్తుగ నమ్మిన్రు, రేపు కొడంగల్ అంగడిల గూడ గదే జెప్పొస్త."