అడుగున్నర తక్కువ

"పావుగంట నిద్రపోతున్నావు, అంతే," అన్నాడు సూపర్‌వైజరు, నీళ్ళ ట్యాంకు గేజి చూస్తూ.

పంపు డ్రైవరుకు ఒళ్ళు భగ్గుమంది. "ముప్పై ఏళ్ళల్లో ఒక్క నిమిషం ఆలస్యం చేశానా సార్?"

"లెక్క చెబుతోంది కదా పెద్దాయనా. పది నిమిషాలకు అడుగు. ఆరింటికి పంపు వేస్తే ఎనిమిదింటికి పన్నెండు అడుగులు నిండాలి. నెలరోజులుగా పదిన్నరే. పై అంతస్తుల వాళ్ళు ఖాళీ బకెట్లతో నామీద పడుతున్నారు. సోమవారం నుంచి కొత్త మనిషి వస్తాడు. ఇంట్లో చిక్కుడు పాదుల మీదున్న శ్రద్ధ ట్యాంకు మీద ఉంటేనా!"

ఇంటికొచ్చి తాళాలు విసిరికొట్టాడు. "నన్ను పట్టుకుని నిద్రమొహం అంటాడా!"

"పోనీండి, అడుగున్నరకే కొంపలు మునుగుతాయా?" అంది భార్య. "ఉద్యోగం పోతే పోయింది. హాయిగా ఇంట్లో కూర్చోండి."

మనవరాలు పుస్తకంలోంచి తలెత్తింది. "తాతయ్యా, ఇది అచ్చం మా క్లాసు లెక్కే. మా టీచరు ఇలాంటివి పట్టిక వేసి చెయ్యమంటారు. చివరి అంకె ఒక్కటే చూస్తే ఎక్కడ తగ్గిందో ఎలా తెలుస్తుంది?"

మర్నాడు గడియారం ఆరు కొడుతుండగా పంపు వేశాడు. పిల్ల జుట్టు విరబోసుకునే నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది.

"జడేదే?"

"అమ్మమ్మ పెరట్లో పని అయ్యాక వేస్తానంది."

ఆయన గేజి చదివాడు, పిల్ల గళ్ళు నింపింది. ఆరూ పదికి ఒక అడుగు. ఆరూ ఇరవైకి రెండు. ఏడింటికి సరిగ్గా ఆరు. ఏడూ పదికి...

"ఆరున్నర అడుగులే," అన్నాడు కళ్ళు నులుముకుని.

ఏడూ ఇరవైకి ఏడు. ఏడూ ముప్పైకి ఏడున్నర. ఆ తర్వాత మళ్ళీ మామూలే, గడికో అడుగు. ఎనిమిదింటికి పదిన్నర.

"నువ్వు ఆలస్యంగా వేసుంటే మొదటి గడిలోనే తగ్గాలి కదా తాతయ్యా! ఏడింటి నుంచి అరగంటసేపు ఎవరో సగం నీళ్ళు లాగేస్తున్నారు."

ఆ నోటుపుస్తకం తీసుకెళ్ళి సూపర్‌వైజరు బల్లమీద పడేశాడు. సూపర్‌వైజరు గడిగడికీ వేలుపెట్టి చదివాడు. మొహం మాడిపోయింది.

"రేపు ఏడింటికి నేనే వస్తాను."

"దొంగ దొరికితే వదలకూడదు సార్! మీవాడైనా మావాడైనా పోలీసులకు అప్పగించాల్సిందే. రాయండి ఫిర్యాదు!"

సూపర్‌వైజరు రాశాడు. పంపు డ్రైవరు కలం లాక్కుని కింద తనే ముందు సంతకం చేశాడు.

మర్నాడు ఏడింటికి సూపర్‌వైజరు పంపు నుంచి ట్యాంకుకు వెళ్ళే గొట్టానికి చెవి ఆనించుకుంటూ నడిచాడు. మురికికాలవ దగ్గర ఆగాడు. అక్కడ తవ్వితే అతుకు, అతుక్కి ఇంకో పైపు. పంపు డ్రైవరు పలుగు పట్టాడు. తల ఎత్తకుండా, తిట్టిన తిట్టు తిట్టకుండా, ఆ పైపు వెంబడే సందు పొడవునా తవ్వుకుంటూ పోయాడు.

"ముసలాణ్ణి రోడ్డున పడేస్తావురా? ఇవాళ నీ పని చెబుతాను!"

పైపు ఒక గోడ కిందికి దూరింది. సూపర్‌వైజరు మునివేళ్ళ మీద లేచి గోడ అవతలికి చూశాడు. జేబులోని ఫిర్యాదు కాగితం తీసి పంపు డ్రైవరు చేతిలో పెట్టాడు. ఆయన కూడా తొంగిచూశాడు.

గొట్టం పట్టుకుని చిక్కుడు పాదులకు నీళ్ళు పడుతోంది ఆయన భార్య.