గంటా పది నిమిషాల దూరం

రాత్రి ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. సరకు విమానం దింపి, పైలట్ అయిన తమ్ముడు తడిసిన భుజాలతో విమానాశ్రయంలో అక్క పనిచేసే గదిలోకి వచ్చాడు. అవతలి విమానాశ్రయం నుంచి బయలుదేరిన సమయం అందితేనే ఆమె విమానాల రాకపోకల పుస్తకంలో రాక సమయం రాయాలి. ఆ కబురే ఇంకా రాలేదు.

"ఆరువందల కిలోమీటర్లు. రెక్కలు కట్టుకొని వాలావా ఏంట్రా?"

"వచ్చాను కదక్కా, రాసెయ్."

ఫోన్ మోగింది. అవతలి ఉద్యోగి చెప్పాడు: "మీ తమ్ముడు ఈ కుండపోతలో ఇప్పుడే బయలుదేరాడమ్మా. గంటా పది నిమిషాల్లో మీ ముందుంటాడు."

ఏ తమ్ముడి కోసం భయపడాలో ఆమెకు తెలియలేదు.

"ఎవరక్కా ఫోన్‌లో?" అన్నాడతను.

పదకొండేళ్లయింది. ఆ ఉద్యోగి చెప్పిన విమానం ఎక్కడా దిగలేదు. పుస్తకంలో రాక గడి ఖాళీగానే ఉంది. తమ్ముడు ఆమె ఇంట్లోనే ఉంటున్నాడు.